క్యూఎంఎల్ లిస్ట్‌లో డేటా చదవడం, మార్చింది మోడల్‌లో నిలిచేలా చేయడం ఎలా

"గడిలో నంబర్ మార్చాను, మారింది, కిందికి స్క్రోల్ చేసి మళ్లీ పైకొస్తే పాత నంబరే ఉంది" అని కనీసం వారానికి ఒకరైనా అడుగుతున్నారు. ఇంకొందరిది దీనికి రివర్స్, సీ++ వైపు డేటా మారింది, డీబగ్గర్‌లో కనిపిస్తోంది, స్క్రీన్ మీద మాత్రం కదలదు. రెండూ ఒకే జబ్బు. డేటా ఉండాల్సింది మోడల్‌లో, స్క్రీన్ మీద కనిపించేది దాని నీడ. నీడని పట్టుకుని మారిస్తే మోడల్‌కి తెలియదు, మోడల్ మారాక నోరు విప్పి చెప్పకపోతే నీడకి తెలియదు. క్యూఎంఎల్‌లో (క్యూటీ అనే సీ++ లైబ్రరీలో స్క్రీన్లు రాసే భాష) ఈ రెండు దారులూ ఎలా కలపాలో వరసగా చెప్తాను.

ఉదాహరణ మా బాబాయి కిరాణా కొట్టుది. సరుకు పేరు, కిలోల్లో నిల్వ, రేటు, ఆర్డర్ పెట్టామా లేదా అని ఒక టిక్. ఇంతే లిస్టు.

ఒక మాట ముందే. క్లాసులు, ఫంక్షన్ల పేర్లన్నీ ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఎడిటర్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూసుకోవాలి.

కావాల్సినవి

క్యూటీ 5.15 గానీ క్యూటీ 6 గానీ. క్యూటీ క్రియేటర్ ఉంటే మంచిది, తప్పనిసరి కాదు. సీ++ లో క్లాస్ రాయడం, క్యూఎంఎల్‌లో లిస్ట్‌వ్యూ పెట్టి నాలుగు వరసలు చూపించడం వచ్చి ఉంటే చాలు. టెస్ట్ డేటా మాత్రం కనీసం 40 వరసలు పెట్టుకోండి, ఐదు వరసలతో టెస్ట్ చేస్తే స్క్రోల్ అవ్వదు, స్క్రోల్ అవ్వకపోతే సగం తప్పులు బయటపడవు.

1. ఏ మోడల్ వాడాలో ముందే తేల్చుకోండి

డేటా చిన్నది, క్యూఎంఎల్ దాటి ఎక్కడికీ పోదు అంటే లిస్ట్‌మోడల్ చాలు. చదవడానికి గెట్, ఒక్క రోల్ (వరసలో ఒక గడి పేరు) మార్చడానికి సెట్‌ప్రాపర్టీ, చేర్చడానికి అపెండ్, తీయడానికి రిమూవ్, అన్నీ రెడీగా ఉంటాయి. ఉదాహరణకి స్టాక్‌మోడల్.సెట్‌ప్రాపర్టీ(3, "స్టాక్", 12) అంటే నాలుగో వరస నిల్వ 12 అవుతుంది, ఎందుకంటే లెక్క సున్నా నుంచి మొదలు.

లిస్ట్‌మోడల్‌లో రెండు జాగ్రత్తలు. ఒకటి, రోల్‌కి మొదటిసారి ఏ రకం విలువ ఇస్తే ఆ రకమే దానికి ఖాయం అయిపోతుంది. స్టాక్‌లో ముందు నంబర్ పెట్టి తర్వాత టెక్స్ట్‌ఫీల్డ్ లోంచి వచ్చిన స్ట్రింగ్ అలాగే పెట్టబోతే కన్సోల్‌లో రకం కుదరలేదని వార్నింగ్ వస్తుంది, విలువ మారదు. నంబర్‌గా మార్చి పెట్టండి. రెండు, గెట్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌ని దాచిపెట్టుకుని బైండింగ్‌లో (అసలు విలువ మారితే తనే మారే లింకు) వాడొద్దు, అది ఎంతసేపు చెల్లుతుందో గ్యారంటీ లేదని క్యూటీ డాక్యుమెంటేషనే చెప్తుంది. కావాల్సినప్పుడు అడిగి తీసుకోండి, వాడి వదిలేయండి.

డేటా ఫైల్ నుంచో డేటాబేస్ నుంచో నెట్ నుంచో వస్తుంటే మాత్రం సీ++ లో క్యూఅబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌మోడల్ రాయండి. ఇకపై చెప్పేదంతా దాని గురించే. క్యూస్ట్రింగ్‌లిస్ట్‌ని నేరుగా మోడల్‌గా ఇచ్చే పద్ధతి చూపించడానికి బాగుంటుంది, కానీ లోపల ఒక్క అంశం మారినా వ్యూకి కబురు వెళ్లదు, కాబట్టి మార్చే లిస్టుకి అది వద్దు.

2. రోల్స్ రాసుకోండి

వరసలో ఉండే ఒక్కో గడికి ఒక్కో రోల్. ఈనమ్‌లో క్యూటీ యూజర్‌రోల్ + 1 నుంచి మొదలుపెట్టండి, యూజర్‌రోల్ విలువ 256, దాని కింద ఉన్నవి క్యూటీ తన కోసం ఉంచుకుంది. మనకి ఐటమ్‌నేమ్, స్టాక్, రేట్, ఆర్డర్డ్ అని నాలుగు.

పేర్లు పెట్టేటప్పుడు టెక్స్ట్, స్టేట్, డేటా, విడ్త్, ఇండెక్స్, మోడల్ లాంటివి పెట్టొద్దు. ఇవి క్యూఎంఎల్ ఐటమ్‌లకి ఇప్పటికే ఉన్న పేర్లు. రోల్ పేరు టెక్స్ట్ అయ్యి, డెలిగేట్‌లో (ఒక్కో వరసని తెర మీద గీసే క్యూఎంఎల్ ముక్క) టెక్స్ట్: టెక్స్ట్ అని రాశారనుకోండి, అది మోడల్‌ని కాదు తనని తనే చూసుకుంటుంది, బైండింగ్ లూప్ అని కన్సోల్ నిండిపోతుంది. ఐటమ్‌నేమ్ లాంటి సొంత పేరు పెడితే ఈ గొడవే ఉండదు.

3. చదివే మూడు ఫంక్షన్లు

రోకౌంట్, డేటా, రోల్‌నేమ్స్. ఈ మూడూ ఉంటే చదవడం అయిపోయినట్టే.

రోకౌంట్‌లో పేరెంట్ ఇండెక్స్ చెల్లుబాటైతే 0 తిరిగివ్వండి, లేకపోతే లిస్ట్ సైజు. మనది చెట్టు కాదు, చదునైన లిస్టు, ఏ వరసకీ పిల్లలు లేరు అని చెప్పడం అన్నమాట. డేటాలో ముందు ఇండెక్స్ హద్దుల్లో ఉందా చూడండి, తర్వాత రోల్‌ని బట్టి విలువ ఇవ్వండి, తెలియని రోల్ అడిగితే ఖాళీ క్యూవేరియంట్ (ఏ రకం విలువనైనా పట్టే క్యూటీ పెట్టె) ఇవ్వండి. రోల్‌నేమ్స్‌లో ఒక్కో రోల్ నంబర్‌కి క్యూఎంఎల్‌లో వాడబోయే పేరు.

రోల్‌నేమ్స్‌లో పేరు ఒక్క అక్షరం తప్పు కొట్టినా కంపైలర్ ఏమీ అనదు. రన్ చేశాక గడి ఖాళీగా ఉంటుంది, కన్సోల్‌లో అన్‌డిఫైన్డ్‌ని క్యూస్ట్రింగ్‌కి ఇవ్వలేనని ఒక లైన్ వస్తుంది. ఆ లైన్ కనబడితే వేరే ఎక్కడా వెతకొద్దు, సూటిగా రోల్‌నేమ్స్ దగ్గరికి వెళ్లండి.

4. మోడల్‌ని క్యూఎంఎల్‌కి అందించండి

కొత్త ప్రాజెక్ట్ అయితే క్లాస్‌లో క్యూఎంఎల్ ఎలిమెంట్ మాక్రో పెట్టి రిజిస్టర్ చేయండి, ఇది 5.15 నుంచి ఉంది. పాత ప్రాజెక్టుల్లో సెట్‌కాంటెక్స్ట్‌ప్రాపర్టీ కనిపిస్తుంది, పనిచేస్తుంది, కాకపోతే ఎడిటర్‌కీ టూల్స్‌కీ ఆ పేరు ఎక్కడిదో తెలియదు. అది వాడితే క్యూఎంఎల్ ఫైల్ లోడ్ చేయకముందే సెట్ చేయండి.

ఇంకో ప్రమాదం ఉంది. క్యూఎంఎల్ నుంచి పిలిచే ఫంక్షన్ ద్వారా కొత్త మోడల్ ఆబ్జెక్ట్‌ని తిరిగిస్తే, దానికి పేరెంట్ లేకపోతే, జావాస్క్రిప్ట్ ఇంజిన్ అది తన సొత్తు అనుకుని ఎప్పుడో ఒకప్పుడు చెత్తలో పడేస్తుంది, యాప్ కాసేపు బాగా నడిచి ఉన్నట్టుండి లిస్ట్ ఖాళీ అయిపోతుంది. పేరెంట్ ఇవ్వండి.

5. డెలిగేట్‌లో చదవడం

రెండు పద్ధతులు. పాతది, మోడల్.ఐటమ్‌నేమ్ అని నేరుగా. కొత్తది, డెలిగేట్ పైన రిక్వైర్డ్ ప్రాపర్టీ స్ట్రింగ్ ఐటమ్‌నేమ్ అని ప్రకటించడం. రెండోది శుభ్రంగా ఉంటుంది, తప్పులు తొందరగా దొరుకుతాయి, నేను అదే వాడతాను.

కానీ డెలిగేట్‌లో ఒక్క రిక్వైర్డ్ ప్రాపర్టీ పెట్టారా, అప్పటిదాకా ఊరికే దొరికిన ఇండెక్స్, మోడల్ ఇక దొరకవు, అవి కూడా రిక్వైర్డ్ అని ప్రకటించాలి. "నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ మోడల్ ఈజ్ నాట్ డిఫైన్డ్ అంటోంది" అనేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. కాబట్టి మార్చే పని ఉన్న డెలిగేట్‌లో రిక్వైర్డ్ ప్రాపర్టీ ఇంట్ ఇండెక్స్, రిక్వైర్డ్ ప్రాపర్టీ వార్ మోడల్ అని ఈ రెండూ కూడా కలిపి పెట్టేయండి.

6. సెట్‌డేటా రాయండి

మార్చడం ఇక్కడ మొదలవుతుంది. సెట్‌డేటాకి ఇండెక్స్, విలువ, రోల్ మూడూ వస్తాయి. లోపల ఈ వరసలో చేయండి. ఇండెక్స్ సరైందా చూడండి, కాకపోతే ఫాల్స్. వచ్చిన విలువ పనికొచ్చేదా చూడండి, కాకపోతే ఫాల్స్. పాత విలువే మళ్లీ వచ్చిందా చూడండి, అయితే ఏమీ మార్చకుండా సిగ్నల్ ఇవ్వకుండా బయటికి వచ్చేయండి. తర్వాత లిస్ట్‌లో మార్చండి. ఆ తర్వాత డేటాచేంజ్డ్ సిగ్నల్ ఇవ్వండి, ఇండెక్స్ రెండుసార్లు, మారిన రోల్ ఒకటి. చివర ట్రూ.

విలువ పనికొచ్చేదా అన్న దగ్గర కాస్త ఆగండి. టెక్స్ట్‌ఫీల్డ్‌లో ఎవరైనా "12 కిలోలు" అని కొడితే టుఇంట్ మీకు 0 ఇస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, నిల్వ సున్నా అయి కూర్చుంటుంది. టుఇంట్‌కి ఓకే అనే బూల్ అడ్రస్ ఇవ్వండి, అది ఫాల్స్ అయితే సెట్‌డేటా కూడా ఫాల్స్ తిరిగివ్వాలి. డేటాని కాపాడేది ఈ ఒక్క లైనే, దయచేసి వదలొద్దు.

డేటాచేంజ్డ్ మర్చిపోతే ఏమవుతుందో మొదట్లోనే చెప్పాను, సీ++ లో మారుతుంది, స్క్రీన్ కదలదు. లిస్ట్‌ని సెట్‌డేటా ద్వారా కాకుండా వేరే ఫంక్షన్ నుంచి మార్చినా, ఉదాహరణకి నెట్ నుంచి కొత్త రేట్లు వచ్చి వాటిని నేరుగా లిస్ట్‌లో పెట్టినా, అక్కడ కూడా డేటాచేంజ్డ్ ఇవ్వాలి. అలాగే ఆ నెట్ పని వేరే థ్రెడ్‌లో జరుగుతుంటే అక్కడినుంచి మోడల్‌ని ముట్టుకోవద్దు, సిగ్నల్ పంపి మెయిన్ థ్రెడ్‌లో మార్చండి.

ఫ్లాగ్స్ ఫంక్షన్ కూడా రాసి ఐటమ్ ఈజ్ ఎడిటబుల్ కలపండి. అదే మోడల్‌ని రేపు విడ్జెట్ టేబుల్‌కి తగిలిస్తే అక్కడ అది లేకపోతే గడి తెరుచుకోదు.

7. డెలిగేట్ లోంచి రాయడం

రాయడం ఒక్క లైనే. మోడల్.స్టాక్ = కొత్త విలువ. వెనకాల క్యూటీ మీ సెట్‌డేటాని పిలుస్తుంది. రిక్వైర్డ్ ప్రాపర్టీగా పెట్టిన స్టాక్‌కి నేరుగా విలువ ఇస్తే మాత్రం మామూలుగా అది డెలిగేట్ సొంత ప్రాపర్టీ వరకే ఆగిపోతుంది, మోడల్ దాకా పోదు. చదవడం రిక్వైర్డ్ ప్రాపర్టీ నుంచి, రాయడం మోడల్ చుక్క ద్వారా, ఇలా అలవాటు చేసుకోండి.

ఇక ఏ సిగ్నల్‌లో రాయాలి అన్నదే అసలు చిక్కు. చెక్‌బాక్స్‌కి ఆన్‌టాగుల్డ్, ఆన్‌చెక్డ్‌చేంజ్డ్ కాదు. స్పిన్‌బాక్స్‌కి ఆన్‌వాల్యూమాడిఫైడ్, ఆన్‌వాల్యూచేంజ్డ్ కాదు. టెక్స్ట్‌ఫీల్డ్‌కి ఆన్‌ఎడిటింగ్‌ఫినిష్డ్ గానీ ఆన్‌టెక్స్ట్‌ఎడిటెడ్ గానీ, ఆన్‌టెక్స్ట్‌చేంజ్డ్ కాదు. తేడా ఏంటంటే మొదటివి మనిషి చేసిన పనికే వస్తాయి, చేంజ్డ్ అని ముగిసేవి ప్రోగ్రామ్ మార్చినా వస్తాయి, డెలిగేట్ పుట్టినప్పుడు కూడా వస్తాయి.

దీని వల్ల ఎంత నష్టమో నేను కళ్లారా చూశాను. బాబాయి కొట్టులో బియ్యం నిల్వ 150 కిలోలు. మొదటిసారి రాసినప్పుడు స్పిన్‌బాక్స్ పెట్టి ఆన్‌వాల్యూచేంజ్డ్‌లో మోడల్‌కి రాశాను. యాప్ తెరిచాం, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, బియ్యం 99 అని చూపించింది. స్పిన్‌బాక్స్ గరిష్ఠం మనం చెప్పకపోతే 99. 150 వచ్చింది, అది 99కి కుదించింది, విలువ మారింది కదా అని సిగ్నల్ వచ్చింది, నేను రాసిన లైన్ ఆ 99ని తీసుకెళ్లి మోడల్‌లో పెట్టేసింది, నేను పెట్టిన సేవ్ కోడ్ దాన్ని ఫైల్‌లో రాసేసింది. 51 కిలోల బియ్యం లెక్కలోంచి పోయాయి, బాబాయి గోదాంలో బస్తాలు మళ్లీ లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి గరిష్ఠం మీరే ఇవ్వండి, 10000 అనో మీకు సరిపోయినంతో, ఇంకా ఆన్‌వాల్యూమాడిఫైడ్ వాడండి. రెండూ చేయండి, ఒకటి చేసి వదిలేయొద్దు.

టెక్స్ట్‌ఫీల్డ్ విషయంలో ఇంకో రెండు. ఆన్‌ఎడిటింగ్‌ఫినిష్డ్ ఎంటర్ కొట్టినప్పుడు గానీ ఫోకస్ ఆ గడి వదిలినప్పుడు గానీ వస్తుంది. టైప్ చేసి నేరుగా సేవ్ బటన్ నొక్కితే, ఆ బటన్ ఫోకస్ తీసుకోకపోతే, సిగ్నల్ రాదు, చివరి గడిలో కొట్టింది పోతుంది. బటన్ హ్యాండ్లర్ మొదట్లో ఫోర్స్‌యాక్టివ్‌ఫోకస్ పిలిస్తే సరిపోతుంది. ఇక సెట్‌డేటా ఫాల్స్ ఇచ్చినప్పుడు మోడల్‌లో ఏమీ మారదు, సిగ్నల్ రాదు, దాంతో గడిలో "12 కిలోలు" అనే తప్పు మాట అలాగే నిలిచిపోయి మనిషిని మోసం చేస్తుంది. రాసిన వెంటనే టెక్స్ట్‌ని క్యూటీ.బైండింగ్‌తో మళ్లీ మోడల్.స్టాక్‌కి కట్టండి, ఒప్పుకోని విలువ అయితే పాతది తిరిగి కనిపిస్తుంది. మామూలుగా టెక్స్ట్ = ఏదో అని జావాస్క్రిప్ట్‌లో ఇచ్చేస్తే మాత్రం బైండింగ్ తెగిపోతుంది, ఆ తర్వాత మోడల్ ఎన్నిసార్లు మారినా ఆ గడి చూడదు.

టిక్ లాంటివి డెలిగేట్‌లోనే ప్రాపర్టీగా పెట్టుకుందాం, మోడల్‌కెందుకు అని కూడా అనుకోవద్దు. లిస్ట్‌వ్యూ తెర దాటిన డెలిగేట్లని తీసేస్తుంది, మళ్లీ కనబడితే కొత్తగా పుట్టిస్తుంది, టిక్ పోతుంది. రీయూజ్‌ఐటమ్స్ ఆన్ చేసి ఉంటే ఇంకా ఘోరం, పాత డెలిగేట్‌నే వేరే వరసకి వాడుతుంది, జీలకర్రకి పెట్టిన టిక్ మెంతుల మీద కనబడుతుంది, దాన్ని చూసి ఎవరైనా ఆర్డర్ ఇస్తే కావాల్సింది రాదు, అక్కర్లేనిది వస్తుంది.

8. వరసలు చేర్చడం, తీయడం

చేర్చేముందు బిగిన్‌ఇన్సర్ట్‌రోస్, చేర్చాక ఎండ్‌ఇన్సర్ట్‌రోస్. తీసేముందు బిగిన్‌రిమూవ్‌రోస్, తీశాక ఎండ్‌రిమూవ్‌రోస్. లిస్ట్ మారేది సరిగ్గా ఈ రెంటి మధ్యే.

ఈ బిగిన్ ఫంక్షన్లకి ఇచ్చే ఫస్ట్, లాస్ట్ (మొదటి, చివరి వరస నంబర్లు) రెండూ కలుపుకునే లెక్క. ఒక్క వరస చేరిస్తే రెండూ ఒకే నంబర్. లాస్ట్‌కి ఫస్ట్ + చేర్చే వరసల సంఖ్య ఇచ్చేసి, అందులోంచి ఒకటి తీయడం మర్చిపోయి, ఒకటి ఎక్కువ చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, చివర ఖాళీ వరస కనబడితే అదే కారణం అయ్యుంటుంది.

ఇవన్నీ ఎందుకు, బిగిన్‌రీసెట్‌మోడల్, ఎండ్‌రీసెట్‌మోడల్ పెట్టేస్తే పోలా అంటారు. మొత్తం లిస్ట్ కొత్తగా లోడ్ చేసినప్పుడు అది సరైనదే. ఒక్క సరుకు చేర్చినందుకు రీసెట్ చేస్తే మాత్రం డెలిగేట్లన్నీ మళ్లీ పుడతాయి, చూస్తున్న చోటు పోతుంది, టైప్ చేస్తున్న గడి మాయమవుతుంది. కొట్టులో రద్దీ టైంలో వాడేవాళ్లకి ఇది నిజంగా కష్టం.

జరపడానికి బిగిన్‌మూవ్‌రోస్ ఉంది. ఒకే లిస్ట్‌లో కిందికి జరిపేటప్పుడు గమ్యం నంబర్ ఒకటి ఎక్కువ ఇవ్వాలి, ఎందుకంటే అది "ఈ వరసకి ముందు" అనే అర్థంలో తీసుకుంటుంది. 2ని 3 స్థానానికి పంపాలంటే గమ్యం 4. 3 ఇస్తే అది ఫాల్స్ తిరిగిస్తుంది, అది చూడకుండా ముందుకెళితే వ్యూ, మోడల్ చెరో దారి పడతాయి.

9. డెలిగేట్ బయటినుంచి చదవాలన్నా మార్చాలన్నా

పైన టూల్‌బార్‌లో బటన్ ఉంది, ఎంచుకున్న సరుకు నిల్వకి 10 కలపాలి. సీ++ మోడల్‌కి గెట్ లేదు, అది లిస్ట్‌మోడల్ సొంతం, స్టాక్‌మోడల్.గెట్(2) అంటే ఫంక్షన్ కాదని టైప్ ఎర్రర్ వస్తుంది. ఒక దారి, స్టాక్‌మోడల్.సెట్‌డేటా(స్టాక్‌మోడల్.ఇండెక్స్(వరస, 0), విలువ, రోల్ నంబర్). పనిచేస్తుంది, కానీ రోల్ నంబర్లు క్యూఎంఎల్‌లో చల్లడం నాకు నచ్చదు, ఈనమ్‌లో మధ్యలో ఇంకోటి చేర్చిన రోజు అన్నీ తారుమారవుతాయి. క్యూ ఇన్వోకబుల్‌తో (ఫంక్షన్‌ని క్యూఎంఎల్ పిలవగలిగేలా చేసే మాక్రో) యాడ్‌స్టాక్(వరస, ఎంత) అని సొంత ఫంక్షన్ రాసి, దాని లోపల సెట్‌డేటాని పిలవండి. చెకింగులన్నీ ఒకే చోట ఉంటాయి.

మధ్యలో క్యూసార్ట్‌ఫిల్టర్‌ప్రాక్సీమోడల్ (అసలు మోడల్‌ని వడపోసి, వరస మార్చి చూపించే మధ్య మోడల్, అంటే ప్రాక్సీ) ఉంటే జాగ్రత్త. డెలిగేట్‌కి తెలిసిన ఇండెక్స్ ప్రాక్సీది, అసలు మోడల్‌ది కాదు. మోడల్.స్టాక్ = అని రాస్తే ప్రాక్సీ దాన్ని సరైన వరసకి చేరుస్తుంది, కానీ అదే ఇండెక్స్‌ని అసలు మోడల్ ఫంక్షన్‌కి ఇస్తే వేరే సరుకు మారుతుంది. మ్యాప్‌టుసోర్స్‌తో మార్చి ఇవ్వండి. వడపోత, సార్టింగ్ లేనప్పుడు రెండు నంబర్లూ ఒకటే కాబట్టి ఈ తప్పు మీ టేబుల్ మీద కనబడదు, వాడేవాళ్లు సెర్చ్‌లో "పప్పు" అని కొట్టిన రోజు కనబడుతుంది.

10. సరిగ్గా పనిచేస్తోందా ఎలా చూడాలి

అన్నిటికన్నా సులువైన పరీక్ష, అదే మోడల్‌కి పక్కపక్కన రెండు లిస్ట్‌వ్యూలు తగిలించండి. ఎడమ దాంట్లో మార్చండి. కుడి దాంట్లో వెంటనే మారితే రాయడం, కబురు చెప్పడం రెండూ బాగున్నట్టు. కుడివైపు మారకపోతే సెట్‌డేటాలో ఒక ప్రింట్ పెట్టండి. ప్రింట్ రాలేదంటే తప్పు డెలిగేట్‌లో, ఏడో మెట్టు మళ్లీ చూడండి. ప్రింట్ వచ్చిందంటే తప్పు డేటాచేంజ్డ్‌లో, ఆరో మెట్టు.

తర్వాత ఒక వరస మార్చి చివరిదాకా స్క్రోల్ చేసి వెనక్కి రండి. తర్వాత యాప్ తెరిచి ఏమీ ముట్టుకోకుండా సెట్‌డేటా ప్రింట్లు లెక్కపెట్టండి, సున్నా ఉండాలి, ఒక్కటి వచ్చినా ఎక్కడో చేంజ్డ్ సిగ్నల్‌లో రాస్తున్నారు.

క్యూటీ 5.11 నుంచి క్యూఅబ్‌స్ట్రాక్ట్‌ఐటమ్‌మోడల్‌టెస్టర్ అనే క్లాస్ క్యూటీ టెస్ట్ మాడ్యూల్‌లో ఉంది, డీబగ్ బిల్డ్‌లో మీ మోడల్‌ని దానికి ఇచ్చేయండి, బిగిన్, ఎండ్ లెక్కలు తప్పిన క్షణంలోనే పట్టుకుంటుంది. నడుస్తున్న యాప్‌లో మోడల్ లోపల ఏముందో చూడాలంటే కేడీఏబీ అనే కంపెనీ వాళ్ల గామారే టూల్ బాగుంటుంది.

యాప్ మూసి తెరిస్తే మార్పులు పోయాయని కూడా అడుగుతున్నారు. మోడల్ మెమరీలోదే, ఫైల్‌లో రాసే పని మీరే పెట్టుకోవాలి. డేటాచేంజ్డ్‌తో పాటు వరసలు చేరిన, పోయిన, జరిగిన సిగ్నల్స్‌ని కూడా ఒక టైమర్‌కి కలిపి, చివరి మార్పు తర్వాత ఒక సెకను ఆగి సేవ్ చేయండి, ప్రతి అక్షరానికీ డిస్క్ మీద రాయక్కర్లేదు. యాప్ మూసేటప్పుడు టైమర్ ఇంకా పెండింగ్‌లో ఉంటే ఆ సేవ్ అప్పుడే పూర్తిచేయండి.